వరంగల్ కొత్త పెద్దాసుపత్రి: అంతస్తుల లెక్క విన్నాం, ఇక పడకల లెక్క చెప్పండి

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ, రోడ్లు భవనాల శాఖల మంత్రివర్యులకు, ఉన్నతాధికారులకు, వరంగల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి నిర్మాణాన్ని పర్యవేక్షిస్తున్న ఇంజినీర్లకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. హన్మకొండలో ఉంటున్నాను. పాత సెంట్రల్ జైలు స్థలంలో లేచిన 24 అంతస్తుల ఆసుపత్రి భవనం గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. ఆ భవనం మీద నాకు ఎలాంటి వ్యతిరేకతా లేదని ముందే చెప్పాలి. అది మాకు కావాలి. గుండె ఆపరేషన్ కోసమో, క్యాన్సర్ చికిత్స కోసమో హైదరాబాద్ బస్సు ఎక్కవలసిన అవసరం రాని ఊరు మా ప్రాంతంలో ఒక్కటైనా ఉంటుందని నేను అనుకోను. రోగితో పాటు ఇద్దరు మనుషులు, వారి కూలి పోవడం, అక్కడ అద్దె గది, మందుల ఖర్చు, ఊళ్లో చేసిన అప్పు అన్నీ ఆ బస్సులోనే వెళతాయి. ఆ ప్రయాణం తప్పించే ఆసుపత్రి మా దగ్గరే కడుతుంటే కాదనేవారు ఎవరూ ఉండరు.

అయితే ఇన్నేళ్లుగా ఈ నిర్మాణం గురించి వస్తున్న వార్తలు చదువుతుంటే నాకు దిగులు పెరుగుతోంది. ఏ సమీక్ష జరిగినా పనులు ఇంత శాతం అయ్యాయని, ఫలానా నెలలోగా పూర్తి చేయాలని మంత్రులు ఆదేశించారని రాస్తారు. గడువు దాటుతుంది, మరో సమీక్ష జరుగుతుంది, మరో గడువు వస్తుంది. ఎన్ని పడకల దగ్గర ఆక్సిజన్ లైను బిగించి పరీక్షించారో, ఎన్ని ఆపరేషన్ థియేటర్లు సిద్ధమయ్యాయో, ఎన్ని నర్సు పోస్టులు మంజూరయ్యాయో చెప్పే వాక్యం ఆ వార్తల్లో నా కంట పడలేదు. మీరు చెబుతున్నది సిమెంటు పని శాతం. రోగిని పడుకోబెట్టగల పడకలు ఎన్ని సిద్ధమయ్యాయో చెప్పమని నేను అడుగుతున్నాను. ఈ లేఖలో నా ప్రధానమైన కోరిక ఇదే.

ఈ ఆసుపత్రి ఎలాంటి రోజుల్లో పుట్టిందో ఒకసారి గుర్తు చేయనివ్వండి. 2021 మే 21న, కరోనా రెండో అల ఊపిరి తీసుకోనివ్వని రోజుల్లో, నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు వరంగల్‌లోని పాత ప్రభుత్వ పెద్దాసుపత్రి ఎంజీఎంకు వచ్చి కోవిడ్ వార్డుల్లో రోగులతో మాట్లాడారు. అదే రోజు సెంట్రల్ జైలును కూడా చూశారు. జూన్ మొదటి వారానికల్లా ఖైదీలను ఇతర జైళ్లకు తరలించడం మొదలైంది. నిజాం కాలంలో కట్టిన ఆ జైలును, ఖైదీలు నేసిన దరీలకు పేరు పొందిన ఆ ఆవరణను, కొద్ది రోజుల్లో నేలమట్టం చేశారు. జూన్ 21న శంకుస్థాపన జరిగింది. అన్ని తరాలు చూసిన కట్టడం నెల రోజుల్లో మాయమైతే, అంత తొందర ఎందుకని అడిగినవారు అడిగారు. కానీ ఊరు మొత్తం మీద పెద్దగా ఎదురు చెప్పలేదు. ఆక్సిజన్ పడక దొరకక మనుషులు పోతున్న నెల అది. ఆసుపత్రి వస్తుందంటే జైలు పోతే పోనీ అని జనం అనుకున్నారు. ఆ మౌనం మీకు మేమిచ్చిన అంగీకారం. దానికి బదులుగా మాకు రావలసింది 2,000 పడకల ఆసుపత్రి. ప్రభుత్వాలు మారవచ్చు. ఆ బాకీ మాత్రం కుర్చీలో ఎవరు ఉంటే వారిదే.

ఇక డబ్బు సంగతి. 2021 డిసెంబరులో ఈ ఆసుపత్రికి 1,100 కోట్ల రూపాయలు మంజూరు చేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అందులో సివిల్ పనులకు 509 కోట్లు, తాగునీరు, పారిశుద్ధ్యానికి 20.36 కోట్లు, విద్యుత్తు, ప్లంబింగ్, యంత్ర సంబంధ పనులకు 182.18 కోట్లు, వైద్య పరికరాలకు 105 కోట్లు, అనుబంధ పనులకు 54.28 కోట్లు, పన్నులు తదితర చెల్లింపులకు 229.18 కోట్లు. 2,000 పడకల్లో 1,200 సాధారణ విభాగాలకు, 800 క్యాన్సర్, గుండె, కిడ్నీ వంటి సూపర్ స్పెషాలిటీ విభాగాలకు అన్నారు.

ఈ అంకెలను ఒక నర్సు కళ్లతో చూడండి. పరికరాలకు పెట్టిన 105 కోట్లను 2,000 పడకలకు పంచితే పడకకు 5.25 లక్షల రూపాయలు వస్తుంది. ఆ సొమ్ములోనే మంచం, మానిటర్, వెంటిలేటర్, ఆపరేషన్ బల్లలు, డయాలిసిస్ యంత్రాలు, సీటీ, ఎంఆర్ఐ, గుండె రక్తనాళాలను పరీక్షించే క్యాథ్ ల్యాబ్, క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం అన్నీ రావాలి. వీటిలో చివరి నాలుగూ ఒక్కొక్కటి కోట్ల మీద ఉంటాయి. 800 సూపర్ స్పెషాలిటీ పడకలకు ఇది ఏ లెక్కన సరిపోతుందో నాకు అర్థం కాలేదు. పన్నులకు కేటాయించింది పరికరాలకు పెట్టినదానికి రెండింతలకు పైగా ఉంది. సిమెంటుకు, ఇనుముకు పెట్టింది దాదాపు అయిదింతలు. ఉత్తర్వు రాసిన రోజునే ఇది భవనం పద్దుగా తయారైంది. ఆసుపత్రి అందులో ఒక మూల సర్దుకుంది.

తర్వాత ఖర్చు పెరిగింది. 2024 జూన్ నెలాఖరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు వరంగల్ వచ్చి నిర్మాణాన్ని పరిశీలించినప్పుడు, 1,100 కోట్ల అంచనా 1,726 కోట్లకు ఎలా పెరిగిందని అధికారులను గట్టిగా నిలదీశారు. ఆడిట్ చేయించాలన్నారు. చాలా మంచి ప్రశ్న. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు ఈ జిల్లాల ప్రజలకు కూడా అందాలి. పెరిగిన 626 కోట్లలో పరికరాల వాటా ఎంత? గోడల వాటా ఎంత? తప్పు జరిగి ఉంటే బాధ్యులెవరో తేల్చండి. కానీ విచారణ పేరుతో బిల్లులు ఆగి, బిల్లుల పేరుతో పని ఆగి, దాని భారం చివరికి రోగి మీద పడకుండా చూడండి. విచారణ ఒక పక్క, పని ఒక పక్క నడిపించలేనంత చిన్న ప్రభుత్వం కాదు మనది.

భవనం పూర్తి కావడానికీ ఆసుపత్రి పూర్తి కావడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో నేను ఉద్యోగంలో ఉండగా చూశాను. అది ఏ ఊళ్లోనో చెప్పను. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్త బ్లాకు కట్టారు. రంగులు, టైల్స్, పెద్ద అక్షరాల బోర్డు, రిబ్బన్ కత్తిరింపు అన్నీ ఘనంగా జరిగాయి. మేము రోగులతో లోపలికి వెళ్లాక అసలు సంగతి తెలిసింది. వార్డు తలుపులో స్ట్రెచర్ పడుతుంది కానీ మంచం పట్టదు. అంటే వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని తలుపు దగ్గర ఒకసారి, థియేటర్ దగ్గర మరోసారి మంచం నుంచి ట్రాలీ మీదికి మార్చాలి. అలా మార్చే ప్రతిసారీ గొట్టం ఊడుతుందేమో, సూది జారుతుందేమో అని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేవాళ్లం. నర్సుల బల్ల స్తంభం వెనక వచ్చింది. అక్కడ కూర్చుంటే సగం పడకలు కనిపించవు. బెడ్ పాన్లు కడగడానికి విడిగా గది లేదు, రోగులు స్నానం చేసే చోటే అదీ చేయాలి. ఆక్సిజన్ పాయింట్లు గోడకు చక్కగా బిగించారు, అయితే ఆరు పడకలకు రెండే. చేతులు కడుక్కునే సింకు వార్డు చివర ఉంది. ఒక రోగి గాయానికి కట్టు మార్చి, మరో రోగి దగ్గరికి వెళ్లేలోపు అక్కడిదాకా పోయి చేతులు కడుక్కుని రావాలంటే, అరవై మంది రోగులున్న వార్డులో ఇద్దరు నర్సులకు సాధ్యమవుతుందా? సాధ్యం కాదు. అక్కడి నుంచే ఇన్ఫెక్షన్లు మొదలవుతాయి.

ఇవేవీ ఎవరో కావాలని చేసిన తప్పులు కావు. ప్లాను గీసేటప్పుడు, గోడ లేపేటప్పుడు వార్డులో రాత్రి డ్యూటీ చేసే మనిషిని ఎవరూ అడగలేదు, అంతే. గోడ కట్టకముందు అడిగి ఉంటే సుద్దముక్కతో గీత జరిపితే సరిపోయేది. కట్టాక సరిచేయాలంటే వార్డు ఖాళీ చేయాలి. నిండిన వార్డును ఏ సూపరింటెండెంట్ ఖాళీ చేయగలరు? అందుకే ఆ తప్పులు భవనం ఉన్నంత కాలం ఉండిపోతాయి. వరంగల్‌లో 2,000 పడకలకు అలాంటి తప్పు ఒక్కటి జరిగినా, ప్రతి వార్డులోనూ, ప్రతి అంతస్తులోనూ అదే జరుగుతుంది.

మరో ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. కాకతీయ వైద్య కళాశాల ఆవరణలోనే ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన కింద 150 కోట్ల రూపాయలతో 250 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టారు. కరోనా కాలంలో అది కోవిడ్ రోగులకు అక్కరకు వచ్చింది, సంతోషం. కానీ దాని అసలు పని కోసం, అంటే సూపర్ స్పెషాలిటీ వైద్యం కోసం, నిపుణులు, సిబ్బంది పూర్తిస్థాయిలో సమకూరక ఎంత కాలం ఇబ్బంది పడిందో మీ శాఖకు నాకంటే బాగా తెలుసు. 250 పడకలకే ఆ పరిస్థితి అయితే దానికి ఎనిమిది రెట్లు పెద్ద ఆసుపత్రికి సిబ్బందిని ఎక్కడి నుంచి తెస్తారు? ఈ మధ్య కాలంలోనే మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మంచిదే. వాటికీ ప్రొఫెసర్లు, అసోసియేట్ ప్రొఫెసర్లు కావాలి. ఒక చోటి నుంచి డిప్యుటేషన్ మీద తీసి మరో చోట నింపితే కాగితం మీద రెండూ నిండినట్టే కనిపిస్తాయి. ఓపీ గదిలో మాత్రం కుర్చీ ఖాళీగా ఉంటుంది.

నర్సుల లెక్క నేనే చెబుతాను. సాధారణ వార్డులో ఆరు పడకలకు ఒక నర్సు చొప్పున, అతి తక్కువగా వేసుకున్నా, 2,000 పడకలకు ఒక షిఫ్టుకు 333 మంది కావాలి. మూడు షిఫ్టులకు వెయ్యి మంది. వారపు సెలవులు, ప్రసూతి సెలవులు, అనారోగ్యాలు కలిపితే ఇంకా పెంచాలి. ఐసీయూలో ఒక పడకకు ఒక నర్సు ఉండాలి. కాబట్టి 800 సూపర్ స్పెషాలిటీ పడకల్లో ఐసీయూ పడకలు ఎన్ని ఉంటే ఈ అంకె అంత పైకి పోతుంది. ఆపరేషన్ థియేటర్లు, క్యాజువాల్టీ, ఓపీ, డయాలిసిస్ వేరు. ఇంత మంది ఒక్క ఉత్తర్వుతో రారు. రాష్ట్రంలో ఈ మధ్య జరిగిన పెద్ద నియామకాన్నే చూడండి. స్టాఫ్ నర్సు పోస్టులకు 2022 డిసెంబరు చివరలో నోటిఫికేషన్ వచ్చింది, 2023 ఆగస్టులో పరీక్ష జరిగింది, 6,956 మందికి నియామక పత్రాలు 2024 జనవరి 31న అందాయి. పదమూడు నెలలు పట్టింది. చేరిన పిల్లలకు ఐసీయూ పని నేర్పడానికి మరికొన్ని నెలలు పడుతుంది. అంటే భవనానికి రంగులు వేస్తున్నప్పుడు పోస్టుల గురించి ఆలోచిస్తే, రంగు వెలిసేదాకా వార్డులకు తాళాలు ఉంటాయి. ఈ ఆసుపత్రికి ఎన్ని పోస్టులు అవసరమని నిర్ణయించారు, అందులో ఎన్ని మంజూరయ్యాయి, ఎన్నింటికి నోటిఫికేషన్ ఇచ్చారు? ఈ మూడు అంకెలు ప్రకటించండి. అవుట్‌సోర్సింగ్ మీద తెస్తామంటే ఆ మాటా ఇప్పుడే చెప్పండి. నెలనెలా జీతం వస్తుందో రాదో తెలియని అమ్మాయి చేతిలో వెంటిలేటర్ రోగిని పెట్టడం ఆ అమ్మాయికీ అన్యాయం, రోగికీ అన్యాయం.

ఎత్తు విషయంలో నాకు నిజంగా భయం ఉంది. శంకుస్థాపన రోజుల్లో కెనడా ఆసుపత్రుల గురించి గొప్పగా మాట్లాడారు, అధికారులను అక్కడికి వెళ్లి చూసి రమ్మన్నారు. కెనడాలో ఏముందో నేను చూడలేదు. మన ఆసుపత్రుల్లో లిఫ్టులు ఎలా ఉంటాయో చూశాను. లిఫ్టు ఆగిపోతే రెండో అంతస్తు నుంచి రోగిని దుప్పటిలో మోసుకుంటూ దింపిన వార్డు బాయ్‌లను చూశాను. 24 అంతస్తుల్లో అది కుదరదు. ఇక్కడ లిఫ్టు ఒక సౌకర్యం కిందికి రాదు, ప్రాణాధారాల్లో ఒకటి. స్ట్రెచర్ పట్టే లిఫ్టులు ఎన్ని, కరెంటు పోతే వాటిలో ఎన్ని జనరేటర్ మీద నడుస్తాయి, రోగుల లిఫ్టులు, భోజనం వెళ్లే లిఫ్టు, మాసిన బట్టలు, వ్యర్థాలు దిగే లిఫ్టు వేరువేరుగా ఉన్నాయా, వాటి నిర్వహణకు ఎన్నేళ్ల ఒప్పందం చేసుకున్నారు? ఈ ఒప్పందాన్ని ప్రారంభోత్సవం తర్వాత చూద్దామని వదిలేస్తే మొదటి ఏడాది దాటాక లిఫ్టు తలుపుకు కాగితం అంటిస్తారు.

నిప్పు గురించి ఇంకా ఎక్కువ భయం. 2011 డిసెంబరులో కోల్‌కతాలోని ఏఎంఆర్ఐ ఆసుపత్రి బేస్‌మెంటులో మంటలు పుట్టాయి. కింది సామాను కాలిన పొగ పై అంతస్తులకు ఎక్కి, దాదాపు తొంభై మంది చనిపోయారు. వారిలో చాలామంది మంట తగలకుండానే, పొగకు ఊపిరాడక పోయారు. లేచి నడవలేనివారు, గొట్టాలతో మంచానికి కట్టేసినట్టు ఉన్నవారు వాళ్లు. 2024 నవంబరులో ఝాన్సీ వైద్య కళాశాల ఆసుపత్రిలో నవజాత శిశువుల ఐసీయూ అంటుకుంది. ఆ రాత్రి పది మంది పసికందులు పోయారు. అవి 24 అంతస్తుల భవనాలు కావు. మీ భవనంలో పైఅంతస్తు ఐసీయూలో పొగ వస్తే రోగులను కిందికి దింపే సమయం ఉండదు. అదే అంతస్తులో పొగ చేరని మరో విభాగంలోకి మంచాలతో సహా జరపగలగాలి. దానికి తగిన పొగ తలుపులు, ఆశ్రయ ప్రదేశాలు కట్టారా? అగ్నిమాపక శాఖ తుది అనుమతి పత్రం లేకుండా ఒక్క రోగిని కూడా చేర్చుకోబోమని మీరు ముందుగానే ప్రకటించాలని కోరుతున్నాను. ఎన్నికల తేదీ దగ్గర పడిందనో, మంచి ముహూర్తం ఉందనో ఆ పత్రం కంటే ముందు రిబ్బన్ కత్తిరించకండి. బేస్‌మెంటులో పాత మంచాలు, అట్టపెట్టెలు, ఫైళ్లు పడేసే అలవాటు మన ఆసుపత్రుల్లో అన్నిచోట్లా ఉంది. దాన్ని మొదటి రోజు నుంచే నిషేధించాలి.

నీళ్లు మరో సంగతి. వంద పడకలు దాటిన ఆసుపత్రికి పడకకు రోజుకు 450 లీటర్ల నీరు కావాలని మన నిర్మాణ ప్రమాణాలే చెబుతున్నాయి. 2,000 పడకలకు 9 లక్షల లీటర్లు. ఒక్క రోజుకు! ఇది ఏ పైపులో వస్తుంది, వేసవిలో ఎలా, వాడిన నీటిని శుద్ధి చేసే ప్లాంటు ఎంత వరకు వచ్చింది? 1,100 కోట్ల పద్దులో తాగునీరు, పారిశుద్ధ్యానికి 20.36 కోట్లే కనిపించాయి కాబట్టి అడుగుతున్నాను. వానాకాలం గురించి వేరే చెప్పాలా? 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీలు ఎలా మునిగాయో అందరం చూశాం. విద్యుత్తు ప్యానెళ్లు, జనరేటర్లు, ఆక్సిజన్ యంత్రాలు బేస్‌మెంటులో పెట్టి ఉంటే, ఇప్పుడే పైకి జరపండి. నీళ్లు వచ్చాక జరపలేరు.

క్యాన్సర్ విభాగం సంగతి విడిగా అడగాలి. రేడియేషన్ యంత్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టేది కాదు. దానికి మందమైన కాంక్రీటు గోడల గది ఉండాలి, ఆ గది ప్లానుకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ముందుగా ఉండాలి. ఆ గది కట్టారా, కట్టలేదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే చాలు, వరంగల్‌లో రేడియేషన్ చికిత్స నిజంగా వస్తుందో లేక బోర్డు మీద మాత్రమే ఉంటుందో తెలిసిపోతుంది. ఆక్సిజన్ లైన్లదీ అంతే. పైపు వేయడంతో పని అయిపోదు. ప్రతి పాయింటు దగ్గర ఒత్తిడి సరిగా ఉందో లేదో, ఒక వాయువు రావలసిన చోట మరొకటి వస్తోందేమో ఒక్కొక్కటిగా పరీక్షించి, సంతకం చేసిన కాగితం ఉండాలి. 2021లో ఆక్సిజన్ విలువ తెలిసిన ఊరు ఇది. ఆ కాగితం చూపించమని అడిగే హక్కు మాకుంది.

ఇప్పుడు ఎంజీఎం గురించి. వరంగల్ మనుషులకు అదొక్కటే పెద్దాసుపత్రి. ఏటూరునాగారం, వాజేడు, మహదేవపూర్ నుంచి, గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి కూడా అంబులెన్సులు అక్కడికే వస్తాయి. 2022 మార్చిలో ఆ ఆసుపత్రి ఐసీయూలో చికిత్స పొందుతున్న రోగిని ఎలుకలు కొరికిన ఘటన రాష్ట్రమంతా మాట్లాడుకున్నారు. అప్పుడు నాకు కోపం కంటే దుఃఖం ఎక్కువ కలిగింది. ఆ వార్డులో ఆ రాత్రి పనిచేస్తున్న నర్సు ఎంత నరకం అనుభవించి ఉంటుందో నేను ఊహించగలను. భవనం పాతబడి, డ్రైనేజీ పాడై, చెత్త తీసే మనుషులు చాలక ఎలుకలు వస్తాయి. వేటు మాత్రం ముందుగా పైన ఉన్న ఒకరిద్దరి మీద పడుతుంది. కొత్త భవనం వస్తోంది కదా అని పాతదానికి మరమ్మతులు ఆపేస్తే అదే పరిస్థితి మళ్లీ వస్తుంది. కొత్త ఆసుపత్రి పూర్తిగా తెరుచుకునే చివరి రోజు వరకు ఎంజీఎంకు డబ్బు ఆపవద్దు.

తెరుచుకున్నాక ఎంజీఎం ఏమవుతుంది? మూసేస్తారా, ప్రసూతి, పిల్లల వైద్యం అక్కడే ఉంచుతారా, క్యాజువాల్టీ ఎక్కడ ఉంటుంది? సీకేఎం, హన్మకొండ ప్రసూతి ఆసుపత్రులు, ప్రాంతీయ కంటి ఆసుపత్రి సంగతేమిటి? ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతున్నారు. పురిటి నొప్పులతో ఆటోలో వచ్చే అమ్మాయికి ఏ గేటు దగ్గర దిగాలో తెలియాలి. ఈ నిర్ణయం ఏదైనా సరే, తరలింపుకు కనీసం ఆరు నెలల ముందు ప్రకటించండి. క్యాజువాల్టీని మాత్రం రాత్రికి రాత్రి తరలించకండి. కొత్తచోట కొన్ని వారాలు సమాంతరంగా నడిపి, అక్కడ రక్తనిధి, సీటీ స్కాన్, ఆపరేషన్ థియేటర్ ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తున్నాయని రుజువైన తర్వాతే పాతది మూయండి.

రోగి వెంట వచ్చేవారికి చోటు ప్లానులో ఉందా అని కూడా అడుగుతున్నాను. మన దగ్గర రోగి ఒంటరిగా రాడు. తల్లి వస్తుంది, భార్య వస్తుంది, చంటిపిల్లలను కూడా తెచ్చుకుంటారు. వారు వరండాల్లో, మెట్ల కింద, చెట్ల కింద పడుకుంటారు. ఆసుపత్రి మురికి కావడానికి వాళ్లే కారణమని తిట్టే అధికారులను చూశాను. పడుకోవడానికి చోటు, వండుకోవడానికి గట్టు, స్నానానికి నీళ్లు ఇవ్వకుండా తిట్టడం న్యాయం కాదు. 2,000 మంది రోగులు ఉంటే రెండు మూడు వేల మంది వారి మనుషులు ఆవరణలో ఉంటారు. 24 అంతస్తుల నీడలో వారికి ఒక ధర్మశాల కట్టండి, అనుబంధ పనుల పద్దులో నుంచే కట్టండి. అది లేకపోతే ఎంత ఖరీదైన టైల్స్ వేసినా నెల రోజుల్లో మాసిపోతాయి.

ఇదంతా చదివి నేను తొందరపెడుతున్నానని అనుకోవద్దు. ఆ ఎత్తులో కర్రల మీద నిలబడి పని చేసే కూలీలలో చాలామంది ఎక్కడో దూర రాష్ట్రాల నుంచి వచ్చిన బిడ్డలు. గడువు కోసం వారితో రాత్రీ పగలూ చేయించి ఒక్కరి కాలు జారినా ఆ ఆసుపత్రి మాకు సంతోషం ఇవ్వదు. మీరు మరో ఏడాది అడిగినా మేము ఓర్చుకుంటాం. అయితే ఆ ఏడాదిలో ఏ నెల ఏ పని అవుతుందో మాకు తెలియాలి.

కాబట్టి ప్రతి నెలా మొదటి వారంలో ఒక పేజీ ప్రకటన విడుదల చేయండి. ఆసుపత్రి గేటు దగ్గర, కలెక్టరేట్లలో, ఎంజీఎం ఓపీ గోడ మీద పెట్టండి. ఆక్సిజన్, సక్షన్ (కఫం, రక్తం లాగే గొట్టం), కరెంటు, నీరు పరీక్ష పూర్తయిన పడకలు ఎన్ని, ఆ పడకలకు నియమించిన నర్సులు, డాక్టర్లు ఎంత మంది, కొని బిగించిన పరికరాలు ఏవి, ఇంకా రావలసిన అనుమతులు ఏవి, ఇప్పటి వరకు చెల్లించిన డబ్బు ఎంత, అని తెలుగులో రాయండి. మొదటి నెల పడకల దగ్గర సున్నా అని రాయవలసి వస్తే సున్నా అనే రాయండి, మేము అర్థం చేసుకుంటాం. మొత్తం 2,000 పడకలు ఒకేసారి ప్రారంభించాలన్న పట్టుదల కూడా వద్దు. ఓపీ, డయాలిసిస్, గుండె విభాగం ఏది ముందు సంపూర్ణంగా సిద్ధమైతే దాన్ని ముందు తెరవండి. అన్నీ ఉన్న మూడు వందల పడకలు, ఏదో ఒకటి లేని 2,000 పడకల కంటే ఎక్కువ ప్రాణాలు నిలబెడతాయి.

చివరగా ఒక విన్నపం. ఒక అంతస్తులో ఒక్క వార్డును పూర్తిగా, మంచాలతో, కర్టెన్లతో, సింకులతో సహా సిద్ధం చేసి, మిగిలిన వార్డులకు తుది మెరుగులు దిద్దకముందే మాకు చూపించండి. ఈ జిల్లాల్లో విశ్రాంత నర్సులు, థియేటర్ సహాయకులు, ల్యాబ్ టెక్నీషియన్లు చాలా మంది ఉన్నాం. ఖాళీ మంచం మీద ఒక మనిషిని పడుకోబెట్టి, వార్డు నుంచి లిఫ్టుకు, లిఫ్టు నుంచి థియేటర్‌కు, అక్కడి నుంచి ఐసీయూకు తోసుకుంటూ వెళ్లి ఏ తలుపు దగ్గర ఆగుతుందో, ఏ మలుపు తిరగదో, ఏ స్విచ్చు చేతికి అందదో రాసి మీ ఇంజినీర్ల చేతికి ఇస్తాం. మాకు భత్యం అక్కరలేదు, సన్మానం అక్కరలేదు. తేదీ, సమయం, రావలసిన గేటు చెబితే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
హన్మకొండ